కంచరగాడిద ఆగింది, రసం ఆగలేదు

క్రేన్ ఫోర్క్ లోయ, కెంటకీ
12 జూన్ 1994

డెల్ఫియా అక్కకు,

ఇశ్రాయేలును సముద్రం దాటించినవాడు నిన్నూ, ఆ డేటన్ నగరం మెట్లెక్కి దిగే నీ మోకాళ్ళనూ కాపాడుగాక.

ఉత్తరం రాసి ఎన్నాళ్ళయిందో ఓవా గుర్తుచేసింది. పెళ్ళాం చెబితేగాని అక్క గుర్తురాని తమ్ముడివని నువ్వు అనేలోపు నేనే అనేసుకుంటున్నాను.

సంగతి గానుగ గురించి. పోయిన ఏడాది ఆడించిన తీపిజొన్న పాకం సగానికి సగం ఇంకా సీసాల్లోనే ఉంది. పట్నం దుకాణాల్లో మొక్కజొన్న పాకానికి రంగు కలిపి మన పాకం పేరే పెట్టి అమ్ముతుంటే, అసలుది కొనే దిక్కు లేదు. ఈ ఏడూ ఇంతే అయితే వచ్చే ఏడు నాన్న పొయ్యి నేను వెలిగించను. గానుగ ఇనుము తుక్కువాడికి పోతుంది.

హైవే పక్కన జెనీవా హాల్కమ్ అనే ఆవిడ కొట్టు పెట్టింది. దుప్పట్లు, చెక్కబొమ్మలు, తేనె. దారిన పోయే కార్లన్నీ అక్కడ ఆగుతాయి. మన పాకం వేలితో నాకి కళ్ళు మూసుకుంది. తెరిచి ఏమందో తెలుసా? పాకానికి వంకలేదు, కానీ సీసా మీద ఊరి పేరు తప్ప ఏమీ లేదు, జనం కథ ఉన్నదాన్ని కొంటారు అంది. నేను సువార్త చెప్పేవాణ్ణి, కథలు అమ్మేవాణ్ణి కాదన్నాను. ఆవిడ నవ్వలేదు. ఇంటికి వెళ్ళి గంటసేపు ఎవరితోనూ మాట్లాడకుండా కూర్చుని మూడు ప్రశ్నలు వేసుకోమంది. ఈ గానుగ ఎందుకు మొదలైంది? ఎవరికోసం నడుస్తోంది? రేపు ఆగిపోతే ఎవరికి లోటు? జవాబులు సీసా మీద పట్టేంత రాసి తెమ్మంది. నచ్చితే ఈ ఏటి పాకమంతా ఆవిడే తీసుకుంటుంది.

అక్కా, నేను గంటసేపు నోరు మూసుకుని కూర్చోగా నువ్వెప్పుడైనా చూశావా? మొదటి ప్రశ్నకే చిక్కుపడ్డాను. గానుగ పెట్టేనాటికి నేను ఉయ్యాల్లో ఉన్నాను. నువ్వు పదేళ్ళ పిల్లవి. నీకు గుర్తున్నదంతా రాసి పంపు. ఒక్క మాట అబద్ధం వద్దు. సీసా మీద రాసింది జెనీవా ఒక్కతే కాదు, దేవుడూ చదువుతాడు.

ఆయన పొలంలో కూలివాడు,
ఆర్విల్

---

డేటన్, ఒహాయో
21 జూన్ 1994

ఒరే ఆర్విల్,

నా మోకాళ్ళకు ఇశ్రాయేలుతో ఏం పని? మూవ్‌మెంట్ ఉండాలని డాక్టరు అన్నాడు, అందుకే రోజూ బడి వంటగదికి వెళ్ళి నించుంటున్నాను. మీ బావ స్టాన్ బాగున్నాడు. ఫ్యాక్టరీవాళ్ళు రిటైర్ చేసి, గడియారం ఇచ్చి ఇంటికి పంపారు. ఇప్పుడు ఇంట్లో ఉన్న మిషన్లన్నీ విప్పి మళ్ళీ బిగిస్తున్నాడు.

గానుగంటే నాకు ముందు గుర్తొచ్చేది దీనా. అమ్మ పాత ఏప్రన్ కళ్ళకు కట్టుకుని పొద్దున్నుంచి గుండ్రంగా తిరిగే కంచరగాడిద. అది ఆగితే గానుగ కిర్రుమనడం ఆగేది, రసం ధార సన్నబడి చుక్కలయ్యేది, నాన్న పెనం దగ్గరనుంచి తలెత్తేవాడు. అంతే, తిట్టేవాడు కూడా కాదు.

నాన్న వేసే జొన్నగడ ఎంతరా, పెరట్లో చిన్న చెక్క. గానుగ బతికింది లోయలోవాళ్ళ గడ మీద. బళ్ళమీద తెచ్చేవారు. ఎవరిది వాళ్ళకు ఆడించి నాలుగో వంతు పాకం ఉంచుకునేవాడు. అదే మన ఏడాది తిండీ, చెప్పులూ. పిల్లలమంతా గడ చీల్చి ఆ చీలికలతో పెనం అడుగు గీకి నాకేవాళ్ళం. నీస్ పెద్దాయన గుర్తున్నాడా, రాన్సమ్ వాళ్ళ నాన్న? కంచె తగాదా వచ్చి ఆయనా నాన్నా మాటలు మానేశారు. అయినా ఆయన బండి గేటు దగ్గర కనిపిస్తే నాన్న మన గడ ఆపేసి ముందు ఆయనది ఆడించేవాడు. ఇద్దరూ పెనానికి చెరోపక్క నించుని తెట్టు తీసేవారు. సాయంత్రం దాకా ఒక్క మాట ఉండేది కాదు.

నాన్నకు కథ ఏమీ లేదురా. గడ తెచ్చినవాణ్ణి కాదని పంపలేదు, అంతే. సీసా మీద అది పడుతుందేమో చూసుకో.

అక్క

---

క్రేన్ ఫోర్క్ లోయ
14 ఆగస్టు 1994

అక్కా,

స్తోత్రం. పని అయింది.

ఆవిడ చెప్పినట్టే పాత గానుగ పక్క రాతి మీద కూర్చున్నాను. పావుగంట గడవకముందే లోపల ప్రసంగం మొదలైంది. నేను కూర్చోవడం గురించే. నిశ్శబ్దంలో ఏలీయా విన్న స్వరం గురించి రాబోయే ఆదివారానికి మంచి వాక్యం దొరికింది కూడా. మొదటి ప్రశ్నకు జవాబు నీ ఉత్తరంలోనే ఉంది, తక్కిన రెండింటిదాకా వెళ్ళవలసిన అవసరం కనపడలేదు. లేచి వచ్చి రాసేశాను. సీసా మీద అంటించే చీటీ ఒకటి దీనితో పంపుతున్నాను.

"క్రేన్ ఫోర్క్ లోయలో మా నాన్న నాటి గానుగ. కంచరగాడిద నడకతో తిరుగుతుంది. లోయలో ఎవరి గడ వచ్చినా కాదనదు. చేసే చేతికీ తినే నోటికీ దేవుడే సాక్షి."

జెనీవా చదివి కళ్ళద్దాలు తీసి తుడుచుకుంది. కార్లవాళ్ళు సీసా పట్టుకుని చీటీ చదువుతూ నించుంటున్నారట. పాత సీసాలన్నీ అమ్ముడుపోయాయి. కొత్త పంట మొత్తం కావాలంటోంది. నాన్న పొయ్యి ఆరదు అక్కా. నీ చలవే.

ఆర్విల్

---

డేటన్
22 ఆగస్టు 1994

ఒరే తమ్ముడూ,

చీటీ చదివి వంటగదిలోనే ఏడ్చాను. ఉల్లిపాయలని చెప్పి తప్పించుకున్నాను.

కంచరగాడిదను మళ్ళీ తెచ్చావన్నమాట. ఇన్ని ఉత్తరాలు రాసి ఆ ఒక్క ముక్క దాస్తావా? అమ్మను పాతిపెట్టిన రోజు తర్వాత నేను ఆ గేటు లోపలికి రాలేదు. అప్పటికి గానుగ తుప్పు పట్టి ఉంది. దాన్ని లేపి నిలబెట్టావంటే నువ్వు ప్రసంగాల్లో చెప్పేవన్నీ ఇకమీదట నమ్ముతాను. పేరేం పెట్టావు దానికి?

ఆదివారం మన కొండవాళ్ళ సంఘంలో చీటీ చదివి వినిపించాను. నలభై ఏళ్ళ కిందట ఫ్యాక్టరీ పనులకని దిగివచ్చినవాళ్ళే అంతా. చదవడం అయ్యాక ఎవరూ కాఫీ దగ్గరకు లేవలేదు. నీ గానుగ చూడ్డానికి అక్టోబరు ఎనిమిదికి బస్సు మాట్లాడేశారు. నీస్ పెద్దాయన చెల్లెలు లొటీ పెద్దమ్మ కూడా వస్తోంది. ఆ కిర్రు చప్పుడు ఇంకోసారి వింటే చాలంటోంది.

ఆమె అన్నకొడుకు రాన్సమ్ ఈ ఏడు గడ వేశాడట. గని మూతపడ్డాక చేతిలో ఉన్న పని అదొక్కటే. కొండ అవతలి గానుగ ఎత్తేశారని దిగులుపడుతోంది. దిగులెందుకు, సీసా మీదే రాశాడు మా తమ్ముడు అని చెప్పాను.

అక్క

---

క్రేన్ ఫోర్క్ లోయ
2 సెప్టెంబరు 1994

అక్కకు వందనాలు.

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. వెటకారమో, నిజంగానే రాశావో తేలలేదు. ఓవా నీకేమైనా రాసిందా? తను లేదంటోంది.

పేరు దీనాయే.

బస్సు సంగతి మాత్రం ఆలోచించు. వానకు కల్వర్టు కొట్టుకుపోయింది. అంతమంది ముసలివాళ్ళను ఆ దారిలో తేవడం పాపం. ఇంకో ఏడు చూద్దాం. పాకం నేనే పంపిస్తాను, పోస్టులో.

ఆర్విల్

---

డేటన్
8 సెప్టెంబరు 1994

ఆర్విల్,

కల్వర్టు జూన్‌లోనే బాగుచేశారని ఓవా రాసింది. నీకు తెలియకుండా ఉండదు.

అసలు కారణం నాకు అర్థమైంది. స్టాన్ కాథలిక్. ముప్పై ఏళ్ళయింది, ఇంకా నీ నోటినుంచి మా బావ అన్న మాట రాలేదు. అమ్మ సమాధి దగ్గర ఆయన సిలువ గుర్తు వేసుకుంటే నువ్వు చూపు తిప్పుకున్నావు, నేను చూశాను. నీ సంఘంవాళ్ళ ముందు మేం బస్సు దిగితే నీకు తలవంపులని ఎందుకు సూటిగా చెప్పవు? ముసలివాళ్ళమీద జాలి నటించడం దేనికి?

స్టాన్ రానులే అంటున్నాడు. కొత్త చొక్కా కొనుక్కున్నాడు దీనికోసమని.

డెల్ఫియా

---

క్రేన్ ఫోర్క్ లోయ
13 సెప్టెంబరు 1994

అక్కా,

నేను దాచిన సిగ్గు వేరే ఉంది. అది స్టాన్ కాదు, దేవునిమీద ఆన. స్టాన్ బావను ఆ చొక్కాతోనే తీసుకురా.

అందరూ రండి. గానుగ తిరుగుతుంది.

ఆర్విల్

---

క్రేన్ ఫోర్క్ లోయ
10 అక్టోబరు 1994

ప్రియమైన అక్కకు,

సుఖంగా చేరారని తలుస్తాను. లొటీ పెద్దమ్మకు ప్రయాణం పడిందా?

నేను ఆ రోజంతా ఏం మాట్లాడానో సగం గుర్తులేదు. దగ్గర కూర్చుని రెండు మాటలు చెప్పుకుందామంటే కుదరలేదు. దీనా మధ్యలో ఒకసారి మొరాయించింది, చూశావు కదా, జనం ఎక్కువై బెదిరింది. లేకపోతే అలా ఆగదు. అందరూ రెండేసి మూడేసి సీసాలు కొన్నారు. మీవాళ్ళ మర్యాద నేను ఎన్నటికీ మరవను. బావ కొట్టం వెనక్కి దేనికో వెళ్ళినట్టున్నాడు. ఏమైనా అన్నాడా?

సరిగ్గా ఆ వేళకే రాన్సమ్ నీస్ ట్రక్కు నిండా గడ వేసుకుని వచ్చి గేటుకి అడ్డం పెట్టాడు. బస్సు తిప్పుకోవడానికి చోటు లేకుండా. పెనం ఖాళీ లేదు, వచ్చే వారం చూద్దాం అని పంపేశాను. జెనీవా కొట్టుకు ఇవ్వవలసిన సీసాలే ఇంకా సగం నిండలేదు.

మీరు వెళ్ళాక ఇల్లు బోసిగా ఉంది. వెంటనే జవాబు రాయి.

ఆర్విల్

---

డేటన్
17 అక్టోబరు 1994

ఆర్విల్,

బస్సెక్కినప్పటినుంచీ ఈ ఉత్తరం ఎలా రాయాలా అనుకుంటున్నాను.

మేమంతా గానుగ పొగలో పుట్టి పెరిగినవాళ్ళం. కంచరగాడిద మొరాయించి నించుంది. కింద పడ్డ ఆకు నములుతోంది. గానుగ దూలం కదలలేదు. గుడ్డలోంచి కుండలోకి రసం మాత్రం అదే ధారగా పడుతోంది. నువ్వు "దీనా, దీనా" అని పిలుస్తున్నావు. అది చెవి కూడా ఆడించలేదు. మీ పొరుగు క్లీటస్ కంచె మీదనుంచి "బిస్కట్" అని ఒక్క కేక వేశాడు, అది వెంటనే నడిచింది. అది మగదిరా. అది కూడా చూడకుండా పేరు పెట్టావా?

కొట్టంలోంచి పిప్పి కింద దాచి వేసిన గొట్టం నేను చూశాను. కొట్టం వెనకనుంచి, లోపల గానుగను తిప్పుతున్న ట్రాక్టరును స్టాన్ చూశాడు. దాని ఆయిలు కారుతోందట, నీకు చెప్పమన్నాడు.

ఆ రసం పడుతున్నంతసేపూ మేమంతా నేలవంక చూస్తూ నించున్నాం. ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. నువ్వు రసం రోగాలకు ఎంత మంచిదో చెబుతూనే ఉన్నావు. లొటీ పెద్దమ్మ సీసా కొని, నీ చెయ్యి పట్టుకుని, "మీ నాన్న గుర్తొచ్చాడు బాబూ" అంది. నువ్వు థాంక్స్ చెప్పావు.

తిరుగు ప్రయాణంలో ఎవరో కీర్తన ఎత్తుకున్నారు. మొదటి చరణం దాటలేదు.

నీకు తలవంపులని నేను నిందించింది నిజమే. క్షమించు. తల వంచుకోవలసింది ఎవరో నాకు అప్పుడు తెలియదు.

ఒక్కటి చెప్పు. గేటు దగ్గర రాన్సమ్‌ను పంపేశానని రాశావు. వచ్చే వారం అన్నావు. ఆ వారం దాటిపోయింది. అతని గడ ఆడించావా?

అక్క

---

క్రేన్ ఫోర్క్ లోయ
24 అక్టోబరు 1994

అక్కా,

నీ ఉత్తరం గేటు దగ్గరే చదివి అక్కడే మోకరించాను.

బిలాము దారితప్పితే అతని గాడిద నోరు తెరిచి మాట్లాడింది. క్లీటస్ కంచరగాడిదకు ఆ శ్రమ కూడా అక్కరలేకపోయింది, ఊరికే నించుంటే చాలింది. ముప్పై ఏళ్ళుగా అననీయ, సప్పీరాల మీద ప్రసంగిస్తున్నాను. వాళ్ళు పొలం అమ్మిన డబ్బులో కొంత దాచుకుని దేవునితో అబద్ధమాడారు. నేను పొలంలో లేని గాడిదనే అమ్మాను. మీదనుంచి దేవుణ్ణి సాక్షి పెట్టాను.

నిన్న ఆదివారం ప్రసంగం చెప్పలేదు. బల్ల ముందు నించుని ట్రాక్టరు, గొట్టం, పాత గానుగ రోలరు విరిగి ఏళ్ళయిన సంగతి, అన్నీ చెప్పాను. ఏడ్చాను. సంఘమంతా ఏడ్చింది. ముసలివాళ్ళు వచ్చి మెడ కౌగలించుకున్నారు. ఎన్నడూ చర్చి మెట్లెక్కని క్లీటస్ వెనక బెంచీలో కూర్చున్నాడు. బయటికొచ్చాక, "బిస్కట్ గురించి ఇంత పెద్ద గొడవ అవుతుందంటే దానికి స్నానం చేయించి పంపేవాణ్ణి గదయ్యా" అన్నాడు. అందరం నవ్వాం. ఎంత తేలికైందో చెప్పలేను. యోనాను చేప గట్టుమీద కక్కినట్టు అయింది.

జెనీవా కొట్లో సీసాలన్నిటిమీదా కంచరగాడిద మాటను సిరాతో కొట్టేశాను. తక్కిన చీటీ అలాగే ఉంచాం. నాకోసం ప్రార్థన చెయ్యి.

కడగబడినవాడు,
ఆర్విల్

---

డేటన్
29 అక్టోబరు 1994

ఆర్విల్,

ఇవాళ ఒరే అనబుద్ధి కావడం లేదు.

కంచరగాడిద కోసం నీ సంఘం ఏడ్చిందంటే వాళ్ళు మంచివాళ్ళు. బస్సులో మేం ఏడవలేదు. రెండు రోజులు పోయాక స్టాన్ ఆ గొట్టం సంగతి చెప్పి వంటగదిలో నవ్వాడు, నేనూ నవ్వాను. అది నవ్వుకునే అబద్ధం. చేతకాని ముసలాడు చుట్టాలముందు గొప్పకు పోయాడు, అంతే.

నేను అడిగిన ప్రశ్న ఒక్కటే. దానికి నీ కన్నీళ్ళలో జవాబు లేదు.

లొటీ పెద్దమ్మకు ఊరినుంచి ఫోను వచ్చింది. మంచు గట్టిగా పడింది. రాన్సమ్ తెచ్చిన గడ ట్రక్కులోనే ఉంది, తక్కినది పొలంలో నిలబడి ఉంది. మొత్తం పులిసిపోయింది. నువ్వు పిలుస్తావని వారమంతా కదలకుండా కూర్చున్నాడట. ఆమె నన్ను ఒక్క మాట అనలేదు. భరోసా ఇచ్చింది నేను.

కంచరగాడిద ఉందని రాశావే, అది నీ అబద్ధం. సిరా పూస్తే పోయింది. ఎవరి గడ వచ్చినా కాదనదు అని రాశావే, అది నాన్న నిజం. నేను నీకు ఇచ్చిన నిజం. దాన్ని నువ్వు అబద్ధం చేశావు. దానిమీద సిరా పూయాలని నీకు తోచలేదు.

డెల్ఫియా

---

క్రేన్ ఫోర్క్ లోయ
9 నవంబరు 1994

అక్కా,

ఈ ఉత్తరంలో వచనాలు ఉండవు. రాద్దామని బైబిలు తెరిచాను. ఎక్కడ తెరిచినా నేను ఎవరికో చెప్పిన పేజీలే. మూసేశాను.

రాన్సమ్ పొలానికి వెళ్ళాను. గడంతా గోధుమరంగు తిరిగి వాలిపోయి ఉంది. గట్టు ఎక్కకముందే వాసన వచ్చింది. పులిసిన వాసన, వెనిగర్ సీసా మూత తీసినట్టు. అతను ఆవుల మేతకని నరుకుతున్నాడు. నన్ను చూసి ఆగలేదు.

తప్పయిందని చెప్పాను. పాకం సీసాలు తెచ్చాను, నీ గడ ఎంత పాకం ఇచ్చేదో అంతా మాదాంట్లోంచి తీసుకో అన్నాను. అప్పుడు నడుం ఎత్తాడు.

"పాకం అడగడానికి రాలేదు బ్రదర్ ఆర్విల్. నా దగ్గర గడ ఉండింది. మా నాన్న గడ మీ నాన్న గానుగలో ఆడేది. నాదీ అక్కడే ఆడితే చూద్దామనుకున్నాను. అంతే."

కత్తి ఉంటే ఇవ్వు, సాయం చేస్తానన్నాను. ఒక్కటే ఉంది అన్నాడు. సీసాల పెట్టె మోసుకుని వెనక్కి నడిచాను. ఆ గట్టు మీదనుంచి మన ఇల్లు కనిపిస్తుంది. నేను ఇంటికి చేరేదాకా అతని కత్తి చప్పుడు వినిపించింది.

నీకు నిజం చెబుతాను. ఆ రోజు అతని గడ ఆడించాలంటే కొట్టం తలుపు తీయాలి. తీస్తే ట్రాక్టరు బయటపడుతుంది, బస్సు నిండా మీరున్నారు. అబద్ధానికి కాపలాగా నించుని, సీసా మీద మిగిలిన ఒక్క నిజాన్ని గేటు దగ్గరనుంచే పంపేశాను. మీరు వెళ్ళాకైనా పిలవొచ్చు. జెనీవా సీసాలు నిండాలి గదా అనుకున్నాను. అలా అనుకోవడం అలవాటైపోయింది. ట్రాక్టరు గానుగ పెట్టినప్పటినుంచీ ఊళ్ళోవాళ్ళ గడ ఆడించడం మానేశాను, మన పంటకే రోజులు చాలవని. మానేశానని నాకు నేను కూడా చెప్పుకోలేదు. జనమే రావడం మానుకున్నారనుకున్నాను.

సంఘం ముందు ఏడ్చిన రోజు నేను తేలికపడ్డానని రాశాను. ఆ మాట తలుచుకుంటే ఇప్పుడు ఒళ్ళు మండుతోంది. ఈ నెలనుంచి బల్ల ముందు నించోవడం లేదు. క్లీటస్ పక్కన వెనక బెంచీలో కూర్చుంటున్నాను. ఎవరూ కారణం అడగలేదు.

జెనీవా మూడు ప్రశ్నలు ఇచ్చిందని రాశాను కదా. రేపు ఆగిపోతే ఎవరికి లోటు అన్నది నేను దాటేసిన ప్రశ్న. రాతిమీద గంటసేపు కాదు, ఏడాది కూర్చున్నా దానికి జవాబు వచ్చేది కాదు. ఆ పొలం వాసనలో వచ్చింది. గానుగ రాన్సమ్‌కు ఎప్పుడో ఆగిపోయింది. నేను సీసాలు నింపుకుంటూ అది తిరుగుతోందనుకున్నాను.

చీటీలన్నీ పీకేశాను. సీసాల మీద ఏమీ లేదు. అమ్ముడుపోవడం లేదు.

ఆర్విల్

---

డేటన్
18 నవంబరు 1994

ఒరే తమ్ముడూ,

ఉత్తరం స్టాన్‌కు చదివి వినిపించాను. విని పనిముట్ల పెట్టె తెరిచి చూసుకున్నాడు. తర్వాత, ఆ ట్రాక్టరు వసంతకాలంలో వచ్చి బాగుచేస్తాను, మీ తమ్ముణ్ణి అడుగు అన్నాడు.

నాన్న ఊళ్ళో గడ ఆడించింది ధర్మానికి కాదురా. నాలుగో వంతు ఉంచుకునేవాడని రాశాను. వాళ్ళు లేకపోతే మన పెనంలో ఏమీ లేదు, మనం లేకపోతే వాళ్ళ గడకు దారి లేదు. నువ్వు దాన్ని సీసా మీద ఔదార్యంలా రాశావు. అక్కడే తప్పిపోయిందేమో చూడు.

తిండి మానకు. ఓవా రాసింది.

అక్క

---

క్రేన్ ఫోర్క్ లోయ
20 సెప్టెంబరు 1995

అక్కా,

చేతులు జిగటగా ఉన్నాయి, కాగితం అంటుకుంటే ఏమీ అనుకోకు.

బావ బాగుచేసి వెళ్ళిన ట్రాక్టరు చుక్క ఆయిలు కార్చకుండా తిరుగుతోంది. కొట్టం తలుపులు ఊడదీయించాను, మళ్ళీ బిగించే ఉద్దేశం లేదు.

నీకు వసంతకాలం సంగతి రాయలేదు. ఏమవుతుందో తెలియక రాయలేదు. విత్తనాల సంచి భుజాన వేసుకుని లోయలో ప్రతి తలుపూ తట్టాను. సువార్తకు వచ్చానని కొందరు దీపాలు ఆర్పేశారు. తెరిచినవాళ్ళకు పోయిన ఏడు నేను చేసింది ముందు చెప్పాను, తర్వాత విత్తనం ఇచ్చాను. గడ వేస్తే ఆడిస్తాను, నాలుగో వంతు నాది, నాన్న నాటి లెక్కే అన్నాను. మొదటి రెండిళ్ళలో సగం చెప్పి మళ్ళీ మొదలుపెట్టాను. తర్వాత కూడా సులువు కాలేదు. రాన్సమ్ తలుపు తెరిచాడు, నా మొహం చూడలేదు, సంచి చూశాడు. దోసిలి పట్టాడు. పోశాను. తలుపు వేసుకున్నాడు.

జెనీవాకు కొత్త చీటీ ఇచ్చాను. "ఈ గానుగను ట్రాక్టరు తిప్పుతుంది. లోయలోవాళ్ళ గడ ఆడించడానికి మా నాన్న దీన్ని పెట్టాడు. మేం కొన్నేళ్ళు ఆ పని మరిచాం, 1994లో గడ తెచ్చిన మనిషిని గేటు దగ్గరనుంచి పంపేశాం. ఇప్పుడు ఆడిస్తున్నాం." ఆవిడ చదివి, చివరి ముక్కలు తీసేయమంది. పాకంతోబాటు పాపం కూడా ఎవరు కొంటారు బ్రదర్ ఆర్విల్ అంది. తీయనన్నాను. అయితే సగమే తీసుకుంటానంది. సరే అన్నాను. కిందటి వారం మళ్ళీ కబురు చేసింది, ఇంకో పెట్టె పంపమని. ఎవరో చీటీ చదివి, నాకూ ఇలాంటిదొకటి ఉంది అని చెప్పి కొనుక్కుపోయారట. ఏమిటో చెప్పలేదట.

నిన్న పొయ్యి వెలిగించాం. తెల్లవారేసరికి గేటు బయట ట్రక్కుల వరస. అందరికంటే ముందు రాన్సమ్ నీస్. నిండుగా గడ. దిగలేదు. నేను గేటు తెరిచి పక్కకు నించున్నాను.  వరసలో తక్కినవాళ్ళు దిగారు. ఆ రోజు మీ బస్సువాళ్ళు నించున్నట్టే నించున్నారు, నేలవంక చూస్తూ. అతను ఇంజను ఆపి, కిటికీలోంచి తల బయట పెట్టి, కొట్టంలోకి చూసి అన్నాడు.

"కంచరగాడిదకి ఇవాళ సెలవా, బ్రదర్ ఆర్విల్?"

నా చెవులు కాలిపోయాయి అక్కా. ఏడాదిగా లోయలో ఒక్కరూ నా ముందు ఆ మాట ఎత్తలేదు. ఎత్తితే బాగుండునని నేను ఎదురుచూస్తున్నట్టు నాకే తెలియలేదు.

"పేరు మార్చి పిలిచానని అలిగి మానేసింది" అన్నాను.

ముందు క్లీటస్ నవ్వాడు. తర్వాత వరస చివరిదాకా పోయింది ఆ నవ్వు. రాన్సమ్ నవ్వలేదు. ట్రక్కు లోపలికి పోనిచ్చాడు. మన గడ ఆపించి అతనిది పెట్టాను. పొద్దున్నుంచీ పెనానికి అటు అతను, ఇటు నేను. ఒక్క మాట లేదు. నాన్నలిద్దరూ ఇలాగే నించునేవారని నువ్వు రాశావు. మాటలు లేకుండా ఎలా గడిచేదో అనుకున్నాను. చేతులకు పని ఉంటుంది, గడుస్తుంది.

ఓవాను నా చోట నించోబెట్టి ఇది రాయడానికి వచ్చాను. ఇంక రాయలేను. అతని పెనం పొయ్యి మీదుంది, తెట్టు బాగా వస్తోంది.

ఆర్విల్